ఏ నూనె, ఎంత నూనె: పేగుల్లో కొలెస్టరాల్ లెక్క

తాడేపల్లిగూడెం, ఏలూరు చుట్టుపక్కల మిల్లుల్లో ధాన్యం ఆడితే బియ్యం, నూకలు, ఊకతో పాటు తౌడు వస్తుంది. ధాన్యం బరువులో అది 5 నుంచి 8 శాతం. ఆ తౌడు ఆలస్యం లేకుండా సాల్వెంట్ ఫ్యాక్టరీకి చేరాలి. అక్కడ హెక్సేన్‌తో నూనె తీస్తారు. నూనె శుద్ధి అయ్యి ప్యాకెట్లలో కిరాణా కొట్టుకు వస్తుంది. నూనె తీసిన తౌడును చేపల రైతులు డీఓబీ అంటారు. అది లారీల్లో ఆకివీడు, కైకలూరు, మండవల్లి వైపు చెరువులకు వెళ్తుంది. కొల్లేటి ప్రాంతంలో బొచ్చె, శీలావతి పెరిగేది ఎక్కువగా ఆ మేత మీదే. ఫ్యాక్టరీ దగ్గర విడిపోయిన నూనె, తౌడు చివరికి ఒకే ఇంట్లో, చేపల పులుసు గిన్నెలో కలుసుకుంటాయి.

ఈ ప్రాంతానికి మరో నూనె కూడా సొంతం. ఏలూరుకు దగ్గరలోని పెదవేగిలో 1995లో జాతీయ ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఇప్పుడది భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ. దేశంలో ఆయిల్‌పామ్ గెలలు ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అందులో పాత పశ్చిమ గోదావరి మెట్ట ప్రాంతానిది పెద్ద వాటా.

అంటే మనిషి రక్తంలో కొలెస్టరాల్‌ను ప్రభావితం చేసే మూడు సరుకులు, తౌడు నూనె, పామాయిల్, చేప, ఇక్కడే తయారవుతున్నాయి. అయినా రక్తపరీక్ష కాగితం మీద చెడు కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్ 160 అని కనిపించగానే చాలా ఇళ్లలో మొదట ఆపేది గుడ్డు, ఆ తర్వాత రొయ్యలు. నూనె డబ్బా సంగతి ఎవరూ ఎత్తరు. ఆ ఇల్లు ఏ నూనె వాడుతోంది, నెలకు ఎంత వాడుతోంది అన్న ప్రశ్న రావాల్సింది అక్కడే. ఎందుకంటే తిండిలోని కొలెస్టరాల్ ఒంటరిగా పేగు గోడ దాటదు. దానితో పాటు ఏ కొవ్వు వచ్చిందన్నదాన్ని బట్టి ఎంత లోపలికి వెళ్తుంది, వెళ్లాక కాలేయం ఏం చేస్తుంది అన్నవి మారుతాయి.

పేగులోకి వచ్చేది ఎంత?

కొలెస్టరాల్ ఒంటికి కావలసిన సరుకే. కణాల గోడలు, కొన్ని హార్మోన్లు, విటమిన్ డి, పైత్యరసంలోని ఆమ్లాలు దానితోనే తయారవుతాయి. తిండి ద్వారా రాకపోయినా శరీరం సొంతంగా తయారు చేసుకుంటుంది. గుడ్డు, చేప, మాంసం ముట్టని వారి రిపోర్టులోనూ ఎల్‌డీఎల్ ఎక్కువగా కనిపించడానికి ఇది ముఖ్య కారణం.

గుడ్లు, చేపలు తినే మనిషికి తిండి నుంచి రోజూ సుమారు 200 నుంచి 400 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ పేగుల్లోకి చేరుతుంది. అదే రోజు కాలేయం పైత్యరసంతో పాటు వదిలేది సుమారు 1000 మిల్లీగ్రాములు. పేగు గోడ ముందుకు వచ్చినదానిలో పెద్ద వాటా ఆ మనిషి సొంత కొలెస్టరాలే అన్నమాట. ఈ మొత్తంలో సగటున సగం తిరిగి ఒంట్లోకి వెళ్తుంది, మిగతాది మలంతో బయటికి పోతుంది.

కొలెస్టరాల్ అణువును విరగ్గొట్టి కాల్చేసే శక్తి మనిషి శరీరానికి లేదు. కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు ఎన్ని దిగినా నీరు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరే దారి. ఒంట్లో కొలెస్టరాల్‌కు ఆ ఉప్పుటేరు పేగు. కాలేయం నుంచి పైత్యరసంగా దిగి, పేగు గుండా బయటికి పోవాలి. ఆ దారిలో ఎంత ఎక్కువ వెనక్కి పీలిస్తే ఒంట్లో అంత ఎక్కువ మిగులుతుంది.

సగం అన్నది సగటు లెక్క. మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది. అమెరికాలో కొలరాడోకు చెందిన డాక్టర్ ఫ్రెడ్ కెర్న్ 1991లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక 88 ఏళ్ల పెద్దాయన గురించి రాశారు. ఆయన ఏళ్ల తరబడి రోజుకు 25 దాకా గుడ్లు తిన్నారు. అయినా రక్తంలో కొలెస్టరాల్ మామూలు స్థాయిలోనే ఉంది. పరీక్షించి చూస్తే ఆయన పేగులు తిండిలోని కొలెస్టరాల్‌లో 18 శాతమే పీల్చుకుంటున్నాయి. కాలేయం కూడా మిగులును పైత్య ఆమ్లాలుగా ఎక్కువగా మార్చేస్తోంది. ఆయన్ను చూసి ఎవరూ పాతిక గుడ్లు తినకూడదు. కానీ పళ్లెంలో ఎంత ఉంది, రక్తంలో ఎంత ఉంది అన్న రెండు లెక్కల మధ్య పేగు కణం ఒకటి ఉందని ఈ ఉదాహరణ స్పష్టంగా చెబుతుంది.

గోడ దాటే దారి

తౌడును ఆలస్యం లేకుండా ఫ్యాక్టరీకి పంపడానికి కారణం అందులోని లైపేజ్ అనే ఎంజైమ్. ధాన్యం ఆడిన గంట నుంచే అది తౌడులోని నూనెను విడగొట్టి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. తౌడు ముక్కిపోతుంది. మనిషి పేగులో కూడా ఇదే పని జరుగుతుంది. క్లోమం నుంచి వచ్చే లైపేజ్ భోజనంలోని నూనెను కొవ్వు ఆమ్లాలుగా, మోనోగ్లిజరైడ్లుగా విడగొడుతుంది. గోదాములో నష్టం తెచ్చే ఆ చర్య పేగులో అరుగుదలకు తొలి మెట్టు.

కొలెస్టరాల్ నీటిలో కరగదు. పేగు గోడ మీద ఎప్పుడూ పలుచటి నీటి పొర ఉంటుంది. ఆ పొర దాటాలంటే కొలెస్టరాల్‌కు వాహనం కావాలి. పైత్య లవణాలు, లెసిథిన్, విడిపోయిన కొవ్వు ఆమ్లాలు, మోనోగ్లిజరైడ్లు కలిసి మిసెల్ అనే అతి చిన్న గుళికలుగా ఏర్పడతాయి. కొలెస్టరాల్ వాటి మధ్యలో దూరి పేగు కణం గుమ్మం దాకా వస్తుంది. భోజనంలో కొవ్వు పడితేనే పిత్తాశయం గట్టిగా ముడుచుకుని పైత్యరసాన్ని వదులుతుంది. గిన్నెలో పడిన నూనె, కొలెస్టరాల్ ప్రయాణానికి కావలసిన సామగ్రిని ఆ విధంగా తనతోనే తెస్తుంది.

గుమ్మం దగ్గర ఎన్‌పీసీ1ఎల్1 అనే ప్రోటీన్ ఉంటుంది. కొలెస్టరాల్‌ను కణంలోకి తీసుకునేది అదే. దీని వెనుక ఒక ఆసక్తికరమైన చరిత్ర ఉంది. కొలెస్టరాల్ పీల్పును తగ్గించే ఎజెటిమైబ్ మందుకు అమెరికాలో 2002లోనే అనుమతి వచ్చింది. అది పట్టుకునేది ఏ ప్రోటీన్‌నో అప్పటికి తెలియదు. ఆ ప్రోటీన్ ఎన్‌పీసీ1ఎల్1 అని 2004లో బయటపడింది.

కణంలోకి వచ్చిన కొలెస్టరాల్ ముందు రెండు దారులు ఉంటాయి. ఏబీసీజీ5, ఏబీసీజీ8 అనే జంట ప్రోటీన్లు కొంత కొలెస్టరాల్‌ను తిరిగి పేగులోకే తోసేస్తాయి. మొక్కల నుంచి వచ్చే స్టెరాల్స్‌ను దాదాపు పూర్తిగా వెనక్కి పంపేది కూడా ఈ జంటే. మిగిలిన కొలెస్టరాల్‌కు ఏక్యాట్2 అనే ఎంజైమ్ ఒక కొవ్వు ఆమ్లాన్ని జత చేస్తుంది. అలా జతపడిన కొలెస్టరాల్ ఇక వెనక్కి పోలేదు. కొవ్వుతో కలిసి కైలోమైక్రాన్ అనే కణికలో చేరి, శోషరస నాళాల గుండా రక్తంలోకి, అక్కడి నుంచి కాలేయానికి వెళ్తుంది.

కొవ్వు ఆమ్లాల పాత్ర ఈ దారిలో మూడు చోట్ల కనబడుతుంది: మిసెల్ తయారీలో, గుమ్మం ప్రోటీన్ ఎంత తయారవ్వాలన్న నిర్ణయంలో, ఏక్యాట్2 జత కలిపే దగ్గర.

ఒక్కో కొవ్వు ఆమ్లం ఒక్కో రకం

నువ్వుల, వేరుశనగ, తౌడు నూనెల్లో ఎక్కువగా ఉండే ఓలియిక్ ఆమ్లం మిసెల్స్‌లో బాగా కలిసిపోతుంది. ఏక్యాట్2కు కొలెస్టరాల్‌తో జత చేయడానికి ఇష్టమైన కొవ్వు ఆమ్లం కూడా ఇదే. పేగు కణం వరకే చూస్తే ఓలియిక్ ఆమ్లం కొలెస్టరాల్ రవాణాకు తోడ్పడుతుందనే చెప్పాలి.

స్టియరిక్ ఆమ్లం తీరు వేరు. ఇది నెయ్యిలో, మాంసపు కొవ్వులో కొంత ఉంటుంది. సంతృప్త కొవ్వే అయినా మిసెల్స్‌లో అంత తేలిగ్గా ఇమడదు. జంతువుల మీద జరిపిన ప్రయోగాల్లో ఇది కొలెస్టరాల్ పీల్పును తగ్గించింది. మనుషుల్లో బొనానోమ్, గ్రండీ 1988లో ప్రచురించిన పరిశోధనలో మరో సంతృప్త కొవ్వైన పామిటిక్ ఆమ్లం లాగా ఇది ఎల్‌డీఎల్‌ను పెంచలేదు. అలాగని నెయ్యి మంచిదని తీర్పు ఇవ్వడానికి వీల్లేదు. నెయ్యిలో స్టియరిక్ కంటే పామిటిక్ ఆమ్లం ఎక్కువ. మిరిస్టిక్ ఆమ్లం కూడా తోడుంటుంది. ఈ రెండూ ఎల్‌డీఎల్‌ను పెంచేవే.

చేప నూనెల్లోని డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం గురించి 2007లో ఒక ముఖ్యమైన ఫలితం వచ్చింది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన మాథుర్, వాట్, ఫీల్డ్ హ్యామ్‌స్టర్లకు చేప నూనె పెట్టి చూశారు. ప్రయోగశాలలో పెంచిన కాకో-2 పేగు కణాలకు రకరకాల కొవ్వు ఆమ్లాలు ఇచ్చి చూశారు. చేప నూనె తిన్న హ్యామ్‌స్టర్ల పేగుల్లో ఎన్‌పీసీ1ఎల్1 తయారీ తగ్గింది. డీహెచ్‌ఏ ఇచ్చిన కణాల్లోనూ తగ్గింది. తిండిలోని కొవ్వు ఆమ్లం వాహనంగా మాత్రమే పనిచేయడం లేదనీ, గుమ్మంలో ఎంత ప్రోటీన్ ఉండాలో కణానికి సూచన కూడా ఇస్తోందనీ దీంతో తేలింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గాజు పాత్రలో పెంచిన కణంలోనో, హ్యామ్‌స్టర్‌లోనో కనిపించింది మనిషి రక్తంలో అదే మోతాదులో కనిపించాలని లేదు. మనుషుల్లో చేప నూనె ప్రధానంగా తగ్గించేది ట్రైగ్లిజరైడ్లను. ఎల్‌డీఎల్ మీద దాని ప్రభావం తక్కువ. ఎజెటిమైబ్ కూడా ఈ సంగతినే చెబుతుంది. ఆ మందు పేగులో కొలెస్టరాల్ పీల్పును సుమారు సగానికి తగ్గిస్తే రక్తంలో ఎల్‌డీఎల్ తగ్గేది దాదాపు 18 శాతం. పేగు నుంచి రాక తగ్గగానే కాలేయం తయారీ పెంచి కొంత లోటు పూడ్చుకుంటుంది.

కాబట్టి చివరి లెక్క కాలేయం దగ్గర తేలుతుంది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. పామిటిక్ లాంటి సంతృప్త కొవ్వులు ఎక్కువైతే ఆ గ్రాహకాలు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతుంటుంది. పొద్దుతిరుగుడు, తౌడు, నువ్వుల నూనెల్లోని లినోలియిక్ ఆమ్లం ఆ గ్రాహకాల పనిని మెరుగుపరుస్తుంది. పేగులో కొలెస్టరాల్ రవాణాకు సాయపడే ఓలియిక్ ఆమ్లం కూడా, పామిటిక్ స్థానంలో వాడితే రక్తంలో ఎల్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. ఒక్క పేగునే చూసి నూనెకు మార్కులు వేస్తే ఈ సంగతి దొరకదు. అన్నిటికంటే చెడ్డవి వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వులు. అవి ఎల్‌డీఎల్‌ను పెంచి, మంచిదైన హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తాయని నెదర్లాండ్స్‌లో మెన్సింక్, కటాన్ 1990లోనే చూపించారు. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమల్లో ఉంది.

తౌడు నూనె: మన హైదరాబాద్ చెప్పిన మాట

తౌడు నూనెను తినే నూనెగా నిలబెట్టడంలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత్ర పెద్దది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన ఈ సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. అక్కడ సి. రుక్మిణి, టి.సి. రఘురామ్ 1980ల్లో తౌడు నూనె మీద విస్తృతంగా పనిచేశారు. మొదట ఎలుకల్లో, ఆ తర్వాత కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్న మనుషుల్లో పరీక్షించారు. మామూలుగా వాడే నూనె మాని తౌడు నూనె వాడినవారిలో కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు రెండూ తగ్గాయి. రుక్మిణి, రఘురామ్ కలిసి రాసిన సమీక్ష 1991లో వచ్చింది. ఈ రంగంలో ప్రపంచమంతా ఇప్పటికీ దాన్ని చూస్తుంది.

కొవ్వు ఆమ్లాల్లో తౌడు నూనె వేరుశనగ నూనెకు దగ్గరగా ఉంటుంది. సుమారు 40 శాతం ఓలియిక్, 33 శాతం లినోలియిక్, 20 శాతం దాకా పామిటిక్. మరి తేడా ఎక్కడుంది? తేడా నూనెలో కరిగి ఉన్న ఇతర పదార్థాల్లో ఉంది. వంద గ్రాముల తౌడు నూనెలో మొక్కల స్టెరాల్స్ దాదాపు 1.2 గ్రాములు ఉంటాయి. నువ్వుల నూనెలో 0.8 గ్రాముల పైన, వేరుశనగ నూనెలో 0.2 గ్రాములు ఉంటాయి. కొబ్బరి నూనెలో 0.1 గ్రాము కూడా ఉండవు. వీటికి తోడు తౌడు నూనెలో ఒరైజనాల్ ఉంటుంది. 1950ల్లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని తౌడు నూనె నుంచే మొదట వేరు చేశారు.

మొక్కల స్టెరాల్ రూపంలో కొలెస్టరాల్‌కు చాలా దగ్గర. మిసెల్‌లో అది చేరితే కొలెస్టరాల్‌కు చోటు తగ్గుతుంది. అయితే అది ఒంట్లోకి పోదు, జంట ప్రోటీన్లు వెంటనే వెనక్కి పంపేస్తాయి. అమెరికాలో లూసియానాలోని పెన్నింగ్టన్ పరిశోధన కేంద్రం 2005లో ప్రచురించిన ఫలితాలు ఈ విషయాన్ని బలపరిచాయి. దాదాపు అదే కొవ్వు ఆమ్లాలున్న మరో నూనెల మిశ్రమంతో పోలిస్తే తౌడు నూనె ఎల్‌డీఎల్‌ను 7 శాతం తగ్గించింది. ఫిన్లాండ్‌లో 1995 నాటి ప్రయోగంలో మొక్కల స్టెరాల్ కోవకే చెందిన స్టానాల్ కలిపిన మార్గరిన్ రోజూ తిన్నవారికి ఎల్‌డీఎల్ 14 శాతం తగ్గింది. కానీ అక్కడ రోజుకు రెండు గ్రాముల మోతాదు పడింది. 25 గ్రాముల తౌడు నూనెలో వచ్చే స్టెరాల్స్ 0.3 గ్రాములే. ఎక్కువ స్టెరాల్స్ కోసం నూనె ఎక్కువ పోసుకుంటే మేలు కంటే కీడే జరుగుతుంది.

కొనేటప్పుడు చూడవలసింది ఒరైజనాల్ సంఖ్య. శుద్ధిలో క్షారం వాడితే ఒరైజనాల్‌లో ఎక్కువ భాగం సబ్బు మడ్డితో పాటు పోతుంది. ఆవిరితో చేసే ఫిజికల్ రిఫైనింగ్‌లో అది మిగులుతుంది. ప్యాకెట్ మీద ఒరైజనాల్ ఎంతో రాసి ఉంటే చదవాలి. శాతంలో 1 గానీ, పీపీఎంలో 10,000 గానీ, అంతకు మించి గానీ ఉంటే అది మంచి సరుకు.

పామాయిల్: మంచీ చెడూ

2013లో రేషన్ దుకాణాల్లో ఇచ్చిన అమ్మ హస్తం పథకం సంచిలో పామాయిల్ ప్యాకెట్ ఉండేది. పేద ఇంటికి అందే ధరలో దొరికే నూనె ఇది. టిఫిన్ బండి మీద పునుగులు, మిరపకాయ బజ్జీలు వేగేది కూడా ఎక్కువగా ఇందులోనే. పెదవేగి చుట్టూ రైతుకు ఆదాయం ఇస్తున్న పంట కూడా ఇదే. దీని గురించి భయపెట్టే మాటలూ వినిపిస్తాయి, పొగిడే మాటలూ వినిపిస్తాయి. లెక్క చూస్తే నిజం తెలుస్తుంది.

పామాయిల్‌లో పామిటిక్ ఆమ్లం 44 శాతం దాకా, ఓలియిక్ సుమారు 40 శాతం, లినోలియిక్ 10 శాతం. పామాయిల్‌లో గడ్డకట్టని భాగమైన పామోలిన్‌లో పామిటిక్ కాస్త తక్కువ. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన ఘఫూరున్నీసా బృందం 1995లో ఆరోగ్యవంతులైన భారతీయుల్లో పామోలిన్‌ను, వేరుశనగ నూనెను పోల్చింది. రక్తంలోని కొవ్వుల మీద రెండింటి ప్రభావం దాదాపు సమానంగా ఉంది. మరోవైపు, అనేక దేశాల్లో జరిగిన ప్రయోగాలను కలిపి 2015లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం సంతృప్త కొవ్వు తక్కువున్న నూనెల కంటే పామాయిల్ వాడినవారిలో ఎల్‌డీఎల్ సగటున డెసిలీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఎక్కువగా ఉంది.

ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. అన్నం, పప్పు, కూరలతో మితంగా నూనె పడే భోజనంలో ఆరోగ్యవంతుడికి పామోలిన్ పెద్ద హాని చేయకపోవచ్చు. ఎల్‌డీఎల్ అప్పటికే పెరిగి, ఇంట్లో నెయ్యి, బయట వేపుళ్లు కూడా నడుస్తుంటే ఆ 9 మిల్లీగ్రాములు లెక్కలోకి వస్తాయి. 25 గ్రాముల పామోలిన్‌తో సుమారు 11 గ్రాముల సంతృప్త కొవ్వు వస్తుంది. అదే 25 గ్రాముల తౌడు నూనెతో 5, వేరుశనగ నూనెతో 4 నుంచి 5, పొద్దుతిరుగుడుతో 3 గ్రాములు. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటకూడదు. పామోలిన్ ఒక్కటే అందులో సగం తీసేసుకుంటుంది. ఇంకా పాలు, పెరుగు, నెయ్యి, మాంసం మిగిలే ఉన్నాయి.

రొయ్యలు, చేపలు

రొయ్య అనగానే కొలెస్టరాల్ గుర్తొస్తుంది. వంద గ్రాముల పచ్చి రొయ్యల్లో 150 నుంచి 190 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ ఉన్న మాట నిజమే. కానీ అందులో కొవ్వు ఒకటి రెండు గ్రాములకు మించదు. అమెరికాలో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో 1996లో ప్రచురించిన ప్రయోగంలో రోజుకు 300 గ్రాముల రొయ్యలు పెట్టి చూశారు. కొలెస్టరాల్ తక్కువున్న భోజనంతో పోలిస్తే ఎల్‌డీఎల్ 7 శాతం పెరిగింది, హెచ్‌డీఎల్ 12 శాతం పెరిగింది, ట్రైగ్లిజరైడ్లు 13 శాతం తగ్గాయి. అక్కడ రొయ్యలను ఆవిరి మీద ఉడికించారు. నూనెలో ముంచి వేయించలేదు. భీమవరం, ఏలూరు హోటళ్లలో రొయ్యల వేపుడు తిన్నప్పుడు రొయ్యలోని కొలెస్టరాల్‌తో పాటు నాలుగైదు చెంచాల నూనె కూడా పళ్లెంలోకి వస్తుంది. అసలు ఆలోచించవలసింది ఆ నూనె గురించే.

కొల్లేటి బొచ్చె, శీలావతి, కొర్రమేను మంచి మాంసకృత్తులిస్తాయి. కొవ్వు తక్కువ. వాటిలో డీహెచ్‌ఏ మాత్రం సముద్రపు చేపలంత ఉండదు. డీహెచ్‌ఏ, ఆ కోవకే చెందిన ఈపీఏ సమృద్ధిగా ఉండేవి కవళ్లు, కనగర్తలు లాంటి నూనె చేపలు. ధర కూడా తక్కువే. వారంలో రెండుసార్లు చేప తినే ఇంట్లో ఒకసారి కొల్లేటి చేప, ఒకసారి సముద్రపు చేప అయితే రెండు లాభాలూ దక్కుతాయి. రెండింటినీ పులుసు పెట్టడం మేలు. డీప్ ఫ్రై చేస్తే చేపలోని మంచి కొవ్వు కొంత నూనెలోకి పోయి, పెనంలోని నూనె చేపలోకి వస్తుంది.

ఇంట్లో చేయవలసిన పనులు

మొదటి పని, నూనె కొలవడం. పెద్దగా శ్రమ చేయని పెద్దవారికి రోజుకు 20 నుంచి 30 గ్రాముల నూనె చాలు. తలకు 25 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు 3 కిలోలు, అంటే సుమారు 3.3 లీటర్లు. ఆ ఇంట్లో నెలకు ఐదు లీటర్ల డబ్బా ఖాళీ అవుతుంటే తలకు 38 గ్రాములు పడుతోంది. బయట తినే టిఫిన్, బిర్యానీ, పచ్చళ్లలో నూనె దీనికి అదనం. నెల మొదటి తారీఖున కొన్న నూనెను క్యాలెండర్ మీద రాసి పెడితే సరిపోతుంది. డబ్బా నుంచి నేరుగా మూకుట్లోకి వంచకుండా చెంచాతో పోయడం అలవాటైతే తేడా తొలి నెలలోనే కనబడుతుంది.

రెండో పని, నూనె మార్చడం. ఒకే నూనెకు కట్టుబడకుండా తౌడు నూనె, వేరుశనగ లేదా నువ్వుల నూనెను జతగా వాడుకోవచ్చు. పామోలిన్ తప్పనిసరైన ఇల్లు సగం సగం చేసుకున్నా లాభమే. మార్కెట్లో దొరికే మిశ్రమ నూనెల ప్యాకెట్ మీద ఏ నూనె ఎంత శాతమో రాసి ఉంటుంది. ముందువైపు గుండె బొమ్మ కంటే వెనుకవైపు ఆ అంకెలు ముఖ్యం. నెయ్యి పూర్తిగా మానక్కర్లేదు. పప్పన్నంలో ఒక చెంచా ఉంచుకుని, పోపులకు, హల్వాలకు, వేపుళ్లకు నెయ్యి తగ్గించుకోవాలి.

మూడోది, కాగిన నూనె. ఒకసారి వేపుడు చేసిన నూనెను మళ్లీ మళ్లీ మరిగిస్తే అందులో పోలార్ పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రత సంస్థ నిబంధన 2018 జూలై నుంచి ఉంది. ఇంట్లో దాన్ని కొలిచే పరికరం ఉండదు. నూనె నల్లబడినా, నురగ కట్టినా, జిగురు పట్టినా పారేయడమే.

నాలుగోది, పైత్య ఆమ్లాలను బయటికి పంపే తిండి. నీటిలో కరిగే పీచు పేగులో జిగురుగా మారి పైత్య ఆమ్లాలను పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. ఆ లోటు తీర్చడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకోవాల్సి వస్తుంది. బెండకాయ, పెసలు, మినుములు, బొబ్బర్లు, జామకాయ ఇందుకు మంచివి. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్‌కు కొలెస్టరాల్‌ను తగ్గించే గుణం ఉందని పరీక్షల్లో తేలింది. అవిసె గింజల కారం వారానికి నాలుగైదు రోజులు అన్నంలో కలుపుకుంటే మొక్కల నుంచి వచ్చే ఒమేగా-3 కూడా అందుతుంది.

ఐదోది, రెండో పరీక్ష. తిండి మార్పు ఫలితం ఎల్‌డీఎల్‌లో కనబడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నూనె కొలత, రకం మార్చిన తేదీ రాసుకుని, ఆ గడువు తర్వాత లిపిడ్ ప్రొఫైల్ మళ్లీ చేయించాలి. తగ్గినవారు అదే పద్ధతి కొనసాగించాలి. తగ్గకపోతే అది వంట చేసేవారి తప్పు కాదు. పేగు పీల్పులో, కాలేయ తయారీలో పుట్టుకతో వచ్చిన తేడా అయి ఉండవచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లవలసినవారు

ఎల్‌డీఎల్ 190 గానీ, అంతకు మించి గానీ ఉన్నవారు నూనె మార్పుతో సరిపెట్టుకోకూడదు. అది వంశపారంపర్య లోపం కావచ్చు, ఇంట్లో పిల్లలకూ పరీక్ష చేయించాల్సి రావచ్చు. మధుమేహం ఉన్నవారు, గుండెపోటు లేదా పక్షవాతం వచ్చినవారు, తండ్రికో అన్నదమ్ములకో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవారు డాక్టరు ఇచ్చిన స్టాటిన్, ఎజెటిమైబ్ లాంటి మందులను సొంతంగా ఆపకూడదు. తౌడు నూనె మందుకు తోడుగా ఉంటుంది, దాని బదులు పనిచేయదు.

ఈ నెల సరుకుల చీటీ రాసేటప్పుడు పాఠకులు మూడు పనులు చేయాలి. పోయిన నెల ఎన్ని లీటర్ల నూనె అయ్యిందో ఇంట్లో అడిగి తెలుసుకోవాలి. కొట్టులో ప్యాకెట్ తిప్పి సంతృప్త కొవ్వు, ఒరైజనాల్ అంకెలు చదవాలి. ఏడాదిగా రక్తపరీక్ష చేయించని ముప్పై ఏళ్లు దాటినవారెవరైనా ఇంట్లో ఉంటే ఈ వారమే లిపిడ్ ప్రొఫైల్ చేయించాలి.